అసలు ఆకులు

ఫిబ్రవరి 24

బావగారికి నమస్కారం.

కవరు ఉబ్బెత్తుగా ఉందేమిటా అని మీరు దాన్ని వెలుతురుకు అడ్డం పెట్టి చూసే ఉంటారు. కంగారు లేదు, లోపలున్నవి గుమ్మడి విత్తనాలు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారేమో. ఫోన్లో మీరు "ఆఁ, సరే, ఉంటాను" అనే ముక్కలు తప్ప మాట్లాడరు. కాగితం మీదైతే కాస్త మనిషిలా ఉంటారు. అందుకే కత్తెర పక్కన పెట్టి కలం పట్టాను.

సంగతేమిటంటే, పిల్లలు వేసిన గుమ్మడి మొత్తం పోయింది. మీ అమ్మాయీ మావాడూ ఉద్యోగాలు వదిలేసి ఆ కౌలు నేల మీదికి వెళ్లిన దగ్గర్నుంచి మీరు ఆ ఊసే ఎత్తనివ్వడం లేదు. అయినా వియ్యంకుణ్ని కనుక చెప్పక తప్పదు. చలి పోకముందే తొందరపడి విత్తనాలు నేలలో పెట్టారు. వెంటనే ముసురు పట్టింది. ఒక్కటీ లేవలేదు. తవ్వి చూస్తే అన్నీ కుళ్లి జిగురుజిగురుగా ఉన్నాయట. మావాడు ఇదంతా నవ్వుతూ చెప్పాడు. వాడు నవ్వుతూ చెప్పాడంటే వ్యవహారం ముదిరిందని అర్థం. చిన్నప్పుడు కాలు విరిగినప్పుడు కూడా వాడు ఇలాగే నవ్వాడు.

ఆ నేల యజమానురాలు ఒకావిడ ఉంది. ఎండైనా వానైనా గొడుగు లేకుండా గుమ్మం దాటదని పిల్లలు ఆవిణ్ని గొడుగావిడ అంటారు. వానలు మొదలయ్యేసరికి పొలం నిండా తీగ కనిపించకపోతే నేలను ఇటుకల వ్యాపారికి ఇచ్చేస్తానని చెప్పిందట. ఆవిడ తప్పేం లేదు, నేలను బీడు పెట్టుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు. ఇప్పుడు మళ్లీ నేలలో విత్తి కూర్చుంటే వ్యవధి చాలదు. ఇంట్లో నారు పోసి, నేల వెచ్చబడగానే మొక్కల్నే తీసుకెళ్లి నాటాలి. పిల్లలుంటున్నది పంపుసెట్టు పక్కన గది, దానికి కిటికీ లేదు. పోనీ సాయం అడుగుతారా అంటే ప్రాణం పోయినా అడగరు. ఆ పొగరు మీ వైపు నుంచి వచ్చిందో మా వైపు నుంచి వచ్చిందో తర్వాత తీరిగ్గా కూర్చుని తేల్చుకుందాం.

అందుకని మనమిద్దరం చెరి సగం నారు పోద్దాం. నా దగ్గర ఆప్రాన్లు కుట్టించుకునే నర్సరీ ఆయన పద్ధతి చెప్పాడు. విత్తనాలు గోరువెచ్చటి నీళ్లలో ఒక పూట నానాలి. తర్వాత తడిగుడ్డలో మడిచి, మూతున్న డబ్బాలో పెట్టి, వెచ్చటి చోట ఉంచాలి. గుడ్డ తడిగా ఉండాలి గానీ నీళ్లు కారకూడదు. తెల్లగా తోక వచ్చాక మట్టిలో, మొన కిందికి వచ్చేట్టు, వేలి కణుపంత లోతున పెట్టాలి. మొదట వచ్చే జంట అసలు ఆకులు కావు. అసలు ఆకులు తర్వాత వస్తాయి. మనం చూడాల్సింది వాటి కోసమే.

ఇక ఈ పొలం పిచ్చి పిల్లలకి ఎవరు ఎక్కించారని మా కొట్టుకొచ్చిన ప్రతివాడూ నన్నే అడుగుతున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడానికి నేనేం దొంగనా, వెళ్లి మా వియ్యంకుడు గారిని అడగండి అన్నాను.

ఇట్లు,
కుట్టుమిషను దిగని మీ బావ


మార్చి 2

బావగారికి,

మీ ఉత్తరం అందింది. అందులో కొన్ని అక్షర దోషాలున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది తిరిగి జత చేస్తున్నాను. అది ప్రూఫులు చూసేవాడి అలవాటు, కోపం కాదు. కోపం వేరే ఉంది.

గుమ్మడికాయల దొంగ సంగతి. మా అమ్మాయి మీ అబ్బాయి మనసు మార్చి పొలానికి లాక్కెళ్లిందని మీ ఉద్దేశమైతే ఆ మాట నేరుగా రాయండి. సామెత వెనక దాక్కోవద్దు. రసాయన శాస్త్రంలో క్లాసులో ఫస్టు వచ్చిన పిల్ల. ఇంత చదువూ మట్టిపాలు చేశావని నేను ఆమె మొహం మీదే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. అప్పట్నుంచి ఆమె ఫోన్ చేసి వాళ్లమ్మతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు. నా కూతుర్ని నేను అంటాను. మీ కొట్టుకొచ్చే వాళ్లు అనడానికి వీల్లేదు.

విత్తనాలు ఇంటికి వచ్చాయి కనుక పారేయడం పద్ధతి కాదని నానబెట్టాను. అంతకుమించి ఏమీ లేదు. ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుందని డబ్బా అక్కడ పెట్టాను. మీ చెల్లెలు ఇల్లు దులుపుతూ, ఎవరో మర్చిపోయిన మసిగుడ్డ అనుకుని చెత్తబుట్టలో వేయబోయింది. నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నా కోసం ఒక్కసారైనా ఇలా అరవలేదని ఆమె ఇంకా అంటూనే ఉంది.

ఒక సందేహం. మొన కిందికి అని రాశారు. విత్తనం ఒక వైపు సన్నగా ఉంది, ఒక వైపు గుండ్రంగా ఉంది. సన్నటి వైపే మొన అని నా అభిప్రాయం. అవునో కాదో వెంటనే రాయండి. ఇలాంటివి ఊహకు వదిలేయకూడదు.

నేను నారు పోస్తున్న సంగతి అమ్మాయికి తెలియడానికి వీల్లేదు.

ఇట్లు,
భుజాలు శుభ్రంగానే ఉన్న మీ బావ


మార్చి 7

భుజాలు శుభ్రంగా ఉన్న బావగారికి,

నేను ఎవర్నీ పేరు పెట్టి అనలేదు, మీరు మాత్రం భుజాల మీద సంతకమే పెట్టేశారు. తడుముకోవడం అంటే ఇదే మరి. ఈ ఉత్తరం మా కొట్టు గోడకు అంటించుకోవాలని ఉంది.

సరే, వేళాకోళం పక్కన పెడతాను. పొలం మాట మొదట ఎత్తింది మీ అమ్మాయే. మావాడికి అంత ధైర్యం ఎక్కడిది. చొక్కాకి నీలం గుడ్డ కావాలా బూడిద రంగు కావాలా అంటే నీ ఇష్టం నాన్నా అనే రకం వాడు. అలాంటివాడు ఇప్పుడు తెల్లారకముందే లేచి కాలువ కడుతున్నాడు, వాన ఎటు నుంచి వస్తుందో మబ్బు చూసి చెబుతున్నాడు. నేను అంతకాలం పెంచి చేయలేనిది మీ అమ్మాయి వచ్చి చేసింది. మా వియ్యంకుడు గారిని అడగండి అని నేనన్నది అందుకే, ఇలాంటి పిల్లను ఎలా పెంచారో మీరే చెప్పాలని. దాన్ని మీరు నిందగా చదివారు. అక్షరాలు చూసినంత బాగా మనుషుల్ని చూడరు మీరు, ఏం చేస్తాం.

సన్నటి వైపే మొన. మరీ అనుమానమైతే అడ్డంగా పడుకోబెట్టండి, అది తన దారి తనే చూసుకుంటుంది.

నావి మొలకెత్తాయి. తెల్లటి తోకలు చూసి కొట్టు మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మిగిలిన నూలు గుడ్డ ముక్కలతో చిన్న సంచులు కుట్టి, మట్టి నింపి, అందులో పెట్టాను. మొక్కతో పాటు సంచినే నేలలో దింపేయొచ్చు. గుమ్మడికి వేరు కదిలిస్తే కోపం వస్తుందట, అచ్చం మీలాగే. సంచుల్ని మిషను కింద పెట్టాను. మోటారు పక్కన వెచ్చగా ఉంటుంది. మా కొట్టు భవనానికి వెనక వైపు కదా, ఎండ పొడ తగలదు. అయినా చూస్తుండగానే తాడిచెట్ల లాగా పెరుగుతున్నాయి. చెయ్యి మంచిదైతే ఎండెందుకు.

ఇంకో మాట చెప్పేసి పారిపోతాను. విత్తనాలైతే నానాయి గానీ నా నోట్లో నువ్వుగింజ నానదని మీకు తెలుసు. మావాడు ఫోన్ చేసినప్పుడు, మీ మామగారు కూడా నారు పోస్తున్నారని అనేశాను. పక్కన మీ అమ్మాయి ఉంది. ఫోన్ స్పీకర్లో ఉందట, అంతా వినేసింది.

ఇట్లు,
మీ నోరు కుట్టుకోలేని బావ


మార్చి 14

బావగారికి,

చెప్పొద్దన్న మాట చెప్పారు. దాని గురించి తర్వాత రాస్తాను. ముందు ముఖ్యమైన సంగతి.

నావీ వచ్చాయి. మీరు గుడ్డ సంచులు కుట్టారు, నేను పాత ప్రూఫు కాగితాలతో దొన్నెలు చుట్టాను. ఏ పుస్తకానివో గుర్తు లేదు, పక్కల్లో నా ఎర్రగీతలు మాత్రం కనిపిస్తున్నాయి. అందులో మట్టి పోసి, మొన కిందికి, వేలి కణుపంత లోతున పెట్టాను. మొదట మట్టి కొంచెం బీట వారింది. తర్వాత మెడ వంచుకున్న ఒక తెల్లటి కాడ కనిపించింది. ప్రెస్సుకు వెళ్లి సాయంత్రం వచ్చేసరికి అది తలెత్తి నిలబడింది. నేను బల్ల ముందు అలాగే నిలబడిపోయాను. మీ చెల్లెలు కాఫీ తెచ్చి, చల్లారిపోయాక తీసుకెళ్లింది. నా చేత్తో పెట్టింది ఏదైనా పైకి లేచి నిలబడటం నేను మొదటిసారి చూశాను బావగారూ. ఆఫీసులో అందరికీ చెప్పాను. కంపోజింగ్ కుర్రాళ్లు నన్ను అచ్చుతప్పు గారు అనేవాళ్లు, ఇప్పుడు గుమ్మడి గారు అంటున్నారు. వద్దని చెప్పలేదు.

మీరు రాసినట్టే అన్నీ చేశాను. మొదట వచ్చిన జంట అసలు ఆకులు కావన్నారు కదా. నిజంగానే వాటికి గుమ్మడి ఆకు పోలికే లేదు, నున్నగా, మందంగా, ఏదో పొరపాటున వచ్చి చేరినట్టు ఉన్నాయి. అసలు ప్రతిలో లేనిది అచ్చులో ఉంచడం నా వృత్తిలో లేదు. చిన్న చిమటాతో, కాడ నలగకుండా, అన్నిటినీ జాగ్రత్తగా తీసేశాను. ఒక మొక్క మాత్రం విత్తనం పెంకును టోపీలా నెత్తిన పెట్టుకుని ఆకులు విప్పలేదు. కళ్లకు కనబడనిదాన్ని దిద్దకూడదు కనుక దాన్ని వదిలేశాను. అది టోపీ తీశాక దాని పని కూడా చూస్తాను.

అసలు ఆకులు ఎప్పటికి వస్తాయో రాయగలరు.

ఇట్లు,
గుమ్మడి గారు


మార్చి 18

అయ్యో బావగారూ,

ఈ ఉత్తరం మీకు అందేలోపు ఆ టోపీ మొక్క జోలికి వెళ్లకుండా ఉంటే చాలు. మీ ఫోన్ మోగీమోగీ ఆగిపోతోంది. ప్రెస్సులో ఉంటే మీరు ఫోన్ డ్రాయర్లో పడేస్తారని చెల్లెమ్మ చెప్పింది. చిమటా దాచేయమని ఆమెతో చెప్పాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి విన్నాను గానీ, ఆకులు పట్టుకుని చేతులు కాల్చుకున్నవాణ్ని మిమ్మల్నే చూశాను. అసలు ఆకులు కావు అంటే పీకేయమని కాదండీ. ఆ జంట విత్తనం తనతో కట్టుకొచ్చిన సద్దిమూట. సొంత ఆకులు వచ్చేదాకా మొక్క తినేది దాన్నే. మీరు అన్నం తినే పిల్లల ముందు నుంచి కంచాలు ఎత్తేశారు. నర్సరీ ఆయనతో చెబితే ముందు నవ్వాడు, తర్వాత ఎన్ని పోయాయని అడిగి నవ్వడం మానేశాడు. అవి ఇక లేవవట.

నేను ఇంకొంచెం వివరంగా రాయాల్సింది. మీరు ఇంకొంచెం తక్కువ శ్రద్ధగా చదవాల్సింది.

దిగులు పడకండి. నావి ఉన్నాయిగా. జానెడు దాటాయి. వాలిపోతున్నాయని మిషను బల్ల అడుగున గుండుసూదులు గుచ్చి, దారంతో కట్టి నిలబెట్టాను. రోజురోజుకీ నాకు పని ఎక్కువైంది గానీ ఎత్తు చూస్తే కడుపు నిండిపోతోంది. ఈ పోటీలో గెలిచింది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు, మగపిల్లాడి తండ్రిని కనుక మర్యాదకు ఊరుకుంటున్నాను.

ఇట్లు,
మీ పొడుగు మొక్కల బావ


మార్చి 23

బావగారికి,

అన్నీ పోయాయి. ఒక్కొక్కటీ కాడ దగ్గర పసుపు తిరిగి పడుకుంది. దొన్నెల్లో నా ఎర్రగీతలు మిగిలాయి.

తప్పు నాదే గానీ వాక్యం మీది. కావు అని రాసినప్పుడు, కాకపోయినా ఉండనివ్వండి అని కూడా రాయాలి. ఒక పుస్తకంలో ఇలాంటి వాక్యం వస్తే రచయితను పిలిపించి అడిగేవాణ్ని. మిమ్మల్ని ఎందుకు అడగలేదో తెలియదు. తెలిసినట్టు కనబడాలనుకున్నాను కాబోలు.

టోపీ మొక్క బతికింది. పెంకు మీద తడి అద్దుతూ ఉంటే దానంతట అదే జారిపోయింది. ఆ జంటను నేను ముట్టుకోలేదు. కిటికీ దగ్గర పెట్టాను. వేలెడంత లేదు, అయినా ఏ ఆసరా లేకుండా నిలబడింది. మీవి జానెడు ఉండి దారం కడితే గానీ నిలబడటం లేదన్నారు. కారణం నాకు తెలియదు. అడుగుతున్నాను, అంతే.

నిన్న అమ్మాయి ఉత్తరం వచ్చింది, నా పేరు మీద. ఫోన్ చేస్తే నేను ఏమంటానో తెలుసు కనుక రాసి ఉంటుంది. "నాన్నా, గుంతలు తీసి పశువుల ఎరువు వేసి ఉంచాం. నేల వెచ్చబడుతోంది. మొక్కలు ఎప్పుడు తెస్తావు?" అంతే ఉంది అందులో. పంపిస్తావు అనలేదు, తెస్తావు అంది. ఈ తేడా మీకు చిన్నదిగా కనిపించవచ్చు. నేను దాన్ని చాలాసేపు చూశాను. ఇంతకాలానికి నన్ను ఒకటి అడిగింది, నా దగ్గరున్నది ఒక్క మొక్క. పొలం నిండా గుంతలు తీసుకుని కూర్చున్న పిల్ల దగ్గరికి వేలెడంత మొక్కను చేత పట్టుకుని ఎలా వెళ్లను. ఇంకా జవాబు రాయలేదు.

పొలం మీ మొక్కల మీదే ఆధారపడి ఉంది. వాటిని జాగ్రత్తగా చూసుకోండి.

మీ బావ


మార్చి 27

బావగారికి,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. నావి కూడా పోయాయి.

నర్సరీ ఆయన ఆప్రాన్లు తీసుకోవడానికి వచ్చి మిషను కిందికి వంగి చూశాడు. "ఏంటండీ ఇది, నూడుల్స్ పెంచారా" అన్నాడు. వెలుతురు లేక దాన్ని వెతుక్కుంటూ కాడలు సాగిపోయాయట, ఒంట్లో బలం లేదట. ఆయన అటు వెళ్లగానే దారాలు విప్పి చూశాను. అన్నీ ఒక్కసారి నేల మీదికి వాలిపోయాయి. పొడుగు చూసి మురిసిపోయాను బావగారూ. ఇన్నేళ్లు బట్టలు కొలిచినవాణ్ని, పొడుగొక్కటే కొలిచి వెడల్పు మర్చిపోయాను. మీరు అడిగినప్పుడే నాకు అర్థమైంది, ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

పిల్లలు వాడగా మిగిలిన విత్తనాలు మావాడు నా దగ్గరే పెట్టాడు. ఇవే ఆఖరివి. మళ్లీ ఎక్కడి నుంచైనా తెప్పించి మొదలుపెట్టేసరికి వానలు వచ్చేస్తాయి. చెరి సగం అనే మాట ఇక లేదు, అన్నీ మీకే పంపుతున్నాను. మీ ముందు గదికి తూర్పు కిటికీ ఉంది. నేను మొదటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ ఎండ కళ్లలో కొట్టి మీ మొహం సరిగ్గా కనబడలేదు, లేకపోతే సంబంధం వద్దనేవాణ్నేమో. క్షమించండి, వేళాకోళం లేదన్నాను.

పార్శిల్లో గుడ్డ సంచులు కూడా ఉన్నాయి. కొత్తగా కుట్టాను. సంచి అడుగున గొలుసు కుట్టు వేశాను, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి అడుగు తెరుచుకుంటుంది. వేరు కదలదు.

ఈసారి రెండర్థాలు లేకుండా రాస్తున్నాను. మొలక కనబడిన రోజు నుంచి కిటికీ దగ్గరే ఉంచండి. మట్టి పైన పొడిగా అనిపిస్తేనే నీళ్లు పోయండి. ఏ ఆకునూ, ఎలాంటి ఆకునూ, ఎవరు చెప్పినా పీకవద్దు. గరుకుగా, గుమ్మడి పోలికతో ఆకు వచ్చాక రోజూ కాసేపు బయట గాలికి అలవాటు చేయండి. ఒకేసారి ఎండలో పడేయవద్దు.

మా మొక్కలు పోయిన సంగతి మావాడికి తెలియనివ్వకండి. ముందే చాలా గొప్పలు చెప్పాను.

మీ బావ


ఏప్రిల్ 15

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరంలో అక్షర దోషాలు లేవు. ఉన్నా నేను చూడలేదు.

నానబెట్టిన వాటిలో దాదాపు అన్నీ లేచాయి. ముందు గది ఇప్పుడు మాది కాదు. కిటికీ అరుగు చాలక భోజనాల బల్లను అక్కడికి జరిపాను, మేం గోడవైపు పీటల మీద కూర్చుని తింటున్నాం. చుట్టాలు ఎవరైనా వస్తే నిలబడే మాట్లాడి వెళుతున్నారు. మొదట విసుక్కున్న మీ చెల్లెలు ఇప్పుడు నా కంటే ముందే లేచి సంచుల్ని ఎండ వైపు తిప్పుతోంది. ఒక వైపుకే వాలుతున్నాయని నేను గమనించేలోగా ఆమె తిప్పేసింది.

అసలు ఆకు వచ్చింది. రెండు మందపాటి ఆకుల నడుమ నుంచి, మొదట ముడుచుకున్న గుప్పెటలా, వేలితో తాకితే గరగరమంటూ, అంచుల్లో వంపులు. వచ్చిందని గట్టిగా పిలిచాను. మీ చెల్లెలు ఎవరొచ్చారని తలుపు తీయడానికి వెళ్లింది.

రోజూ పొద్దున కాసేపు మేడ మీదికి తీసుకెళుతున్నాను. మెట్లెక్కి దిగి, మళ్లీ ఎక్కి దిగి మోకాళ్లు అరిగాయి. పై వాటాలో అద్దెకుండే ఆవిడ, ఇంత శ్రద్ధగా మీ మనవల్ని కూడా తిప్పుతారా అని అడిగింది. మనవలు వస్తే చూద్దాం, ముందు వీటి సంగతి కానివ్వండి అన్నాను.

పొట్టిగా, బలిష్ఠంగా ఉన్నాయి. చూడటానికి వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాను. రానివాళ్లను పిలిచి చూపిస్తున్నాను. సెలవు దరఖాస్తులో కారణం అని ఉన్న చోట, కూతురి పొలానికి నారు తీసుకెళ్లాలి అని రాశాను. మా యజమాని చదివి, పొలం ఉందని ఎప్పుడూ చెప్పలేదే అన్నాడు. నాకు లేదండీ, మా అమ్మాయికి ఉంది అన్నాను. ఆ వాక్యం అంటున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఈ నెల ఇరవై ఆరున బస్సుకు వెళుతున్నాను. అమ్మాయికి రాశాను. మీరూ బస్టాండుకు వచ్చేయండి, కలిసి వెళదాం.

ఇట్లు,
నిలబడి తినడానికైనా సిద్ధంగా ఉన్న మీ బావ


ఏప్రిల్ 19

బావగారికి,

ఉత్తరం చదివి కొట్టులో ఉన్నవాళ్లందరికీ వినిపించాను. ఒకాయన చొక్కా కొలతలు ఇవ్వడం మర్చిపోయి వెళ్లిపోయాడు.

నేను రాలేను. ఆసుపత్రి వాళ్ల యూనిఫారాల పని మీద పడిందని మావాడికి చెప్పాను. మీకు అబద్ధం ఎందుకు. నావి ఒక్కటి కూడా లేకుండా చేతులూపుకుంటూ ఆ పొలంలో ఎలా దిగను. మావాడు ఏవి నాన్నా నీ తాడిచెట్లు అంటే ఏం చెప్పను. వాడు అడుగుతాడు, నా కొడుకే కదా.

ఎవరడిగినా మొక్కలన్నీ మీవే అని చెప్పండి. అదే నిజం కూడా. మీరు గెలిచారని నా చేత్తో రాసి ఇస్తున్నాను, కావాలంటే ఎర్ర సిరాతో దిద్దుకోండి.

నాటే ముందు రోజు సాయంత్రం నీళ్లు పోయండి. ఎండ తగ్గాక నాటండి. గుంతలో దింపాకే దారం లాగండి, ముందు కాదు.

మీ బావ


ఏప్రిల్ 28

బావగారికి నమస్కారం.

నిన్న రాత్రే తిరిగి వచ్చాను. ఒళ్లంతా నొప్పులు, గోళ్లలో మట్టి. ప్రెస్సుకు వెళ్లకుండా ముందు మీకే రాస్తున్నాను.

బస్సులో నారు పెట్టెల్ని పైన పెట్టమన్నారు. వీల్లేదన్నాను. ఒకటి ఒళ్లో, మిగిలినవి కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లాను. అమ్మాయి రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. నల్లబడింది, బక్కచిక్కలేదు, గట్టిపడింది. నన్ను పలకరించకుండా ముందు పెట్టె మూత తీసి చూసింది. ఒక మొక్కను ఎత్తి, కాడ పట్టుకుని, ఆకు తిప్పి కింద వైపు చూసింది. నేను పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాను. "బాగున్నాయి నాన్నా" అంది. నాకు ఆ మాట చాలు అనుకున్నాను.

ఆ పొలాన్ని మీరు చూడాలి. గుంతలు దారం పట్టి గీసినట్టున్నాయి. ఏ గుంతలో ఎంత ఎరువు పడిందీ, నీళ్లు ఎటు నుంచి ఎటు పారేదీ ఆమెకు చూడకుండానే తెలుసు. మట్టిని వేళ్లతో నలిపి, ఇందులో ఏది ఎక్కువ ఏది తక్కువ అని నాకు చెప్పింది. ఆమె చదివిన చదువు అక్కడ ప్రతి గుంతలోనూ ఉంది. మట్టిపాలైందని నేను అన్న మాట నిజమే, ఆ మాటకు నేను అనుకున్న అర్థం మాత్రం తప్పు. ఆమెతోనూ ఇలాగే అన్నాను. తలవంచుకుని నవ్వి, మట్టి చేత్తోనే నా కాలరు సరిచేసింది.

ఎండ తగ్గాక మొదలుపెట్టాం. మీ అబ్బాయి మొదటి సంచిని గుంతలో దింపి, అడుగు దారం దొరకబుచ్చుకుని లాగాడు. కుట్టు మొత్తం ఒక్క లాగుకు ఊడివచ్చింది, మట్టి ముద్ద చెక్కు చెదరలేదు. అతను ఆ దారాన్ని పారేయకుండా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మీరు చెప్పమన్నట్టే మొక్కలన్నీ నేనే పెంచానని చెప్పాను. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీ తాడిచెట్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

సగం వరసలు అయ్యేసరికి గొడుగావిడ వచ్చింది. నీడలోనూ గొడుగు వేసుకునే ఉంది. వరస పొడుగునా నడిచింది, వంగి ఒక ఆకును ముట్టుకుంది. నాటిన వరసల నిండా పచ్చగా, ఎక్కడా వాలకుండా నిలబడిన మొక్కలు. "ఇటుకలాయనకి వేరే చోటు చూసుకోమని చెబుతానమ్మా" అంది. అమ్మాయి పని ఆపలేదు. ఆవిడ వెళ్లబోతూ ఆగి, "ఇంత బలమైన నారు ఎక్కడ కొన్నారు, ఎవరు పెంచారు" అని అడిగింది.

నేను మీరు చెప్పిన మాటే చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అమ్మాయి మట్టిలోంచి చేతులు తీయకుండా, తలెత్తకుండా, "కొనలేదండీ, మా నాన్నలు పెంచారు" అంది.

గొడుగావిడకు అర్థం కాలేదు, నా వైపు చూసింది. ఇంతకాలం ప్రూఫులు దిద్దాను బావగారూ, ఆ మాటకు బహువచనం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. తగిలి ఉంటే పక్కన గీత గీసి ప్రశ్నార్థకం పెట్టేవాణ్ని. ఆ పొలంలో నిలబడి వింటే అందులో దిద్దడానికి ఏమీ కనబడలేదు.

తీగ సాగకముందే మీరు ఒకసారి వెళ్లి రావాలి. ఈ మాట నాది కాదు, అమ్మాయి రాయమంది.

ఇట్లు,
నాన్నల్లో ఒకణ్ని